చేతులు వెనక్కి కట్టుకున్న మేస్టారు

కొత్త మార్గదర్శకాల పుస్తకం మా ఆఫీసుకి వచ్చిన రోజే మేస్టారు పోయారన్న కబురు కూడా వచ్చింది. పుస్తకం పదకొండింటికి తపాలాలో వచ్చింది. కబురు మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్లో వచ్చింది. మధ్యలో ఉన్న రెండు గంటలూ నేను ఇరవై మూడో పేజీ తీసి పెట్టుకుని, సాయంత్రం ఆయనకి ఫోన్ చేసి చదివి వినిపించాలని ముచ్చటపడుతూ కూర్చున్నాను. ఆఫీసు టైములో సొంత ఫోన్లు చెయ్యకూడదనే బుద్ధి సర్వీసంతటిలో ఆ ఒక్కరోజే నాకెందుకు పుట్టిందో తెలీదు.

ఆ పేజీలో ఉన్న వాక్యం ఇది: "ప్రతి శిక్షణార్థి ప్రవేశ దినమున తన గృహము లేక గ్రామము నుండి మరమ్మతు అవసరమైన ఒక వస్తువును సంస్థకు తీసుకొనిరావలెను. సదరు వస్తువు మరమ్మతు పూర్తియై యజమానికి చేరిన పిమ్మటనే ప్రాక్టికల్ మార్కులు నమోదు చేయవలెను."

ఇదే మాట మేస్టారు చెబితే ఇలా ఉండేది: "ఇంటికాడ పాడైపోయిందేదో ఒకటి పట్టుకు రా. అది బాగయ్యి ఇంటికెలితే నువ్వు నేర్సుకున్నట్టు."

ప్రభుత్వం వారి చేతిలో పడి ఆ మాట ఇస్త్రీ చొక్కా తొడుక్కుంది గానీ మనిషిని నేను గుర్తుపట్టగలను. పుస్తకంలో ఆయన పేరు లేదు. ఎవరి పేరూ ఉండదు, అది ఆ పుస్తకాల పద్ధతి. నేనూ రాయను, ఎందుకంటే రాసినా ఎవరికీ తెలీదు. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్ళన్నిటిలోనూ ఆయన డీజిలు మేస్టారే. ఆయన భార్య కూడా "మేస్టారు ఇంకా తిండికి రాలేదమ్మా" అనేది తప్ప ఇంకోలా అనగా నేను వినలేదు.

పొట్టి మనిషి. ఖాకీ చొక్కా. భుజం మీద తువ్వాలు ఉండాల్సిన చోట గ్రీజు తుడుచుకునే పాత బనియన్ గుడ్డ, జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవరు. హాజరు పట్టీలో సంతకానికి పక్కవాళ్ళ పెన్ను అడిగేవారు. తిరిగి ఇవ్వడం ఎప్పుడూ మర్చిపోలేదు గానీ దానికి కాస్త గ్రీజు కలిపి ఇచ్చేవారు. ఆయన డీజిలు కోర్సు చెప్పే ఐటీఐలో ఎవరి పెన్ను చూసినా నల్లగా ఉండేది.

పాఠం మొదలవగానే ఆయన చేతులు వెనక్కి పోయేవి. కుడిచేత్తో ఎడమ మణికట్టు గట్టిగా పట్టుకుని, పోలీసులు పట్టుకెళ్తున్న మనిషిలా నిలబడేవారు. పిల్లలు బోల్టు తప్పు వైపు తిప్పుతున్నా, స్పానరు జారి వేళ్ళు చెక్కుకుంటున్నా, ఒకే నట్టు దగ్గర గంటసేపు తంటాలు పడుతున్నా ఆ చేతులు ముందుకి వచ్చేవి కావు. "మేస్టారూ, ఒక్కసారి మీరు తిప్పండి" అని బతిమాలితే ఒకటే జవాబు.

"నా సేతులెనకాలున్నాయిరా. నీవి ముందరున్నాయి. మరెవులు తిప్పాల?"

నోరు మాత్రం ఊరుకునేది కాదు. "ఒరే, అది నట్టురా, మీ మావ సెవి కాదు. అలగ మెలెట్టకు" అనేవారు. ఆడపిల్లలనీ వదిలేవారు కాదు. "ఓలమ్మీ, ఆ ఇంజనుకి దణ్ణం ఎడతన్నావేటి? ఇప్పు, ఇప్పి సూడు."

ఇంకో అలవాటు. బాగుచేసిన వస్తువు షెడ్డులో ఎంత చక్కగా తిరిగినా "అయిపోయింది" అనేవారు కాదు. "మనకాడ అయినాది. ఆలింటికాడ అవ్వాల" అని, పిల్లలతో పాటు ఆ ఇంటికి వెళ్ళి, అది అక్కడ తిరిగి, ఆ ఇంటివాళ్ళు సరే అన్నాకనే అట్టముక్క చీటీ విప్పేవారు. ఆ చీటీల గురించి చెప్పాలంటే ముందు నా నిర్వాకం చెప్పాలి.

నేను జిల్లా శిక్షణ కార్యాలయంలో పనిచేస్తాను. చదువయ్యి ఉద్యోగం లేని పిల్లలకి ప్రభుత్వం చేతిపని నేర్పే కోర్సులు ఎక్కడ ఏవి ఉండాలి, ఏవి తీసెయ్యాలి అని నివేదికలు రాయడం నా పని. కొన్నేళ్ళ కిందట ఈ కోర్సులన్నిటినీ ఆధునికం చెయ్యాలన్న ఆలోచన పైనుంచి దిగింది. పాత కోర్సులు ఎత్తేసి, ఆ షెడ్లు ఖాళీ చేయించి, కంప్యూటర్లతో గదులు కట్టాలి. ముందుగా ఉన్న సామానంతా లెక్క తేల్చాలి. నా చేతికి ఒక ట్యాబ్ ఇచ్చారు. అందులో ప్రతి వస్తువుకీ ఒక ఫొటో, రెండు గళ్ళు. పనిచేస్తున్నది, పనిచేయనిది. ఏదో ఒకటి నొక్కితేనే తర్వాతి వస్తువుకి పోనిస్తుంది.

ఎండాకాలం. శ్రీకాకుళంలో ఎక్కిన ఆటో దిగేసరికి నా చీర, నా బుర్ర రెండూ ఉడికిపోయి ఉన్నాయి. షెడ్డు గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ మనిషి నన్ను చూసి, నమస్కారం కూడా పెట్టకుండా అడిగిన మొదటి ప్రశ్న:

"ఏటి తెచ్చేరమ్మా?"

తనిఖీకి వచ్చినవాళ్ళు ఏదో పట్టుకెళ్ళడం విన్నాను గానీ, పట్టుకురావడం ఎక్కడా వినలేదు. "ఈ ట్యాబ్ తెచ్చాను" అన్నాను పొగరుగానే.

"పాడైపోనాదేటి?"

"లేదు. బాగానే పనిచేస్తోంది."

"అయితే మాకు దాంతో పని లేదమ్మా."

వెనకాల పిల్లలు కిసుక్కుమన్నారు. వాళ్ళలో ఒక అమ్మాయి అందరికంటే గట్టిగా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎక్కడికి వచ్చినవాళ్ళనైనా ఆయన ఆ మాటే అడుగుతారని, అది ఆ షెడ్డు మర్యాద అని నాకు తెలీదు. తెలుసుకునే ఓపికా లేదు.

షెడ్డులో ఒక గోడ పొడవునా బల్లలు. వాటి మీద పాత కుట్టుమిషన్లు, మందు కొట్టే స్ప్రేయర్లు, చేపలు తూచే కాటా, పొలంలో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను, తెప్పకి కట్టే ఇంజను. ఒక్కోదానికి దారంతో కట్టిన అట్టముక్క. నేను ఫొటో తియ్యడం, 'పనిచేయనిది' అని నొక్కడం. మేస్టారు నా వెనకాలే వచ్చారు.

"అమ్మా, ఆ బల్ల మీదియి..."

"నేను చూసుకుంటాను."

"అది కాదమ్మా, అయి మాయి కావు..."

"మేస్టారూ, నాకు ఇంకా రెండు ఐటీఐలు ఉన్నాయి. మాట్లాడకుండా ఉంటే పని త్వరగా అవుతుంది."

ఆయన ఆగిపోయారు. నేను ముప్పై నాలుగు సార్లు నొక్కాను. ఆ వారంలోనే నివేదిక రాశాను. డీజిలు కోర్సు కాలం చెల్లినదని, షెడ్డులో సామాను అధిక భాగం పనికిరానిదని, కోర్సు ఎత్తేసి షెడ్డు కంప్యూటర్లకి ఇవ్వవచ్చని. చాలా బాగా రాశానని మా పై అధికారి మెచ్చుకున్నారు కూడా.

మూడు వారాల తర్వాత ఫోన్ వచ్చింది.

"అమ్మా, నాను డీజిలు మేస్టార్ని. తుక్కు లారీ వచ్చినాది. పిల్లలింటి సామానంతా ఎక్కించుకెలిపోనారు. ఆపబోతే మీ సంతకం సూపించేరు."

"పిల్లల ఇళ్ళ సామానా?"

అప్పుడు చెప్పారు. ఆ షెడ్డులో చేరే ప్రతి పిల్లా పిల్లవాడూ చేరిన రోజున ఇంటి నుంచి పాడైపోయిన వస్తువు ఒకటి తెస్తారు. ఆ ఏడాదంతా దాని మీదే నేర్చుకుంటారు. అట్టముక్క మీద రాసి ఉన్నది ఆ ఇంటివాళ్ళ పేరు. నేను ముప్పై నాలుగు ఇళ్ళ వస్తువుల్ని ప్రభుత్వ తుక్కు కింద రాసి, వేలానికి పంపేశాను. అట్టముక్కలన్నిటికీ ఫొటోలు తీశాను గానీ, ఒక్కటీ చదవలేదు.

"తెప్పింజను గౌరి వాళ్ళదమ్మా" అన్నారు మేస్టారు. "వేట నిషేధం అయిపోడానికి ఇంక తొమ్మిది రోజులే ఉన్నాది."

గౌరి అంటే ఆ రోజు గట్టిగా నవ్విన అమ్మాయి. ఉప్పునీళ్ళు దూరి ఇంజను పట్టేయడంతో ఆ ఏడాదంతా వాళ్ళ నాన్న బావగారి తెప్ప మీద కూలికి వెళ్ళాడు. ఎండాకాలం రెండు నెలలూ సముద్రంలో చేపల వేట మీద ఉండే ఆ నిషేధం తీరి వేట మొదలయ్యే నాటికి సొంత తెప్ప దించాలని ఆ ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నారు. పది నెలలుగా ఆ పిల్ల దాన్ని విప్పుతోంది, బిగిస్తోంది. ఇంకో వారంలో ఇంటికి వెళ్ళాల్సిన ఇంజను నా వేలితో లారీ ఎక్కింది.

ఊరి శివార్లలో తుక్కు గోదాము. నేను వెళ్ళేసరికి మేస్టారూ పిల్లలూ అప్పటికే అక్కడున్నారు. గౌరి వాళ్ళమ్మ కూడా వచ్చింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగే మనిషి, నన్ను చూడగానే కొంగు నడుముకి దోపింది.

"నువ్వేనేటి ఆ మేడమ్‌వి? మా ఇంజను తుక్కని రాసీసినావంట. నీ కళ్ళకి అది తుక్కులాగ కనిపించినాదేటి? అది మా నోటికాడ కూడమ్మా."

నాకు నిజంగానే తుక్కులా కనిపించింది. తప్పు నాదే.

వేలం పాడుకున్న వ్యాపారి దుర్మార్గుడేమీ కాదు. కుర్చీ వేసి కూర్చోమన్నాడు. "నాకు పిల్లల సామానెందుకు మేడమ్? కానీ మీ సంతకంతో వచ్చినాది, మీ సంతకంతోనే ఎల్లాల. ఇయి ప్రభుత్వానివి కావని రాసివ్వండి, ఇప్పుడే ఎత్తుకెలిపోమనండి" అన్నాడు.

రాసివ్వడమంటే మాటలా? పైవాళ్ళకి పంపిన జాబితా తప్పని నా చేత్తో నేను ఒప్పుకోవడం. ఆఫీసుకి వెళ్ళి, ఫైలు పెట్టి, అనుమతి తెప్పించుకుని రాయొచ్చు. దానికి నెల పడుతుంది. ఎవరైనా నా బదులు ఈ మాట సర్దితే బాగుండునని మేస్టారి వైపు చూశాను. పెద్దమనిషి, వ్యాపారి ఎరిగిన మనిషి, ఆయన హామీ ఇస్తే సరిపోదా అనిపించింది.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు.

"నా సేతులెనకాలున్నాయమ్మా" అన్నారు మెల్లిగా. వెక్కిరింత లేదు, కోపం లేదు. షెడ్డులో పిల్లలతో అనే గొంతే.

నేను సంచీలోంచి కాగితం తీశాను. "ముప్పై నాలుగు వస్తువులు సంస్థవి కావు, శిక్షణార్థుల ఇళ్ళవి. విచారించకుండా నేను తప్పుగా నమోదు చేశాను" అని రాసి సంతకం పెట్టాను. పన్నెండేళ్ళ సర్వీసులో 'గమనించబడినది', 'నమోదు చేయబడినది' అని వేల సార్లు రాసి ఉంటాను. 'నేను' అని రాయడం అదే మొదలు. ఆ కాగితానికి తర్వాత మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చుకున్నాను, ఆ గొడవ వేరే.

అట్టముక్కలు చాలావరకు లారీలో ఊడిపోయాయి. ఏది ఎవరిదో తేలేదెలా అని నేను కంగారుపడితే మేస్టారు నవ్వారు. "ఎవులిది ఆలే తీసుకోండర్రా" అన్నారు పిల్లలతో. చూస్తుండగానే ఒక్కొక్కరూ వెళ్ళి, ఆ ఇనుప గుట్టలో ఎవరి వస్తువు వాళ్ళు లాక్కొచ్చారు. నాకు ఒకేలా కనిపించిన నాలుగు కుట్టుమిషన్ల దగ్గర ఒక్కరు కూడా తడబడలేదు. గౌరి, వాళ్ళమ్మ ఇద్దరూ చెరోవైపు పట్టి ఇంజనుని ఆటోలోకి ఎక్కించారు. స్ప్రేయరు ఒకటి అప్పటికే నలిగి అప్పడమైపోయింది. అది తెచ్చిన అబ్బాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "అదీ పట్టుకు రా. లోపల ఏటి బతికున్నాదో సూద్దాం" అన్నారు మేస్టారు.

షెడ్డుకి తిరిగొచ్చాక నేను అడిగాను, ఆ రోజు గట్టిగా అరిచి అయినా ఎందుకు చెప్పలేదని.

"సెప్పబోయేను. మీరు ఇనలేదు" అన్నారు. మళ్ళీ ఆయనే, "మీ తప్పొక్కటే కాదులెండమ్మా. మీ దాంట్లో రెండు గళ్ళే ఉన్నాయి కదా. ఈటికి రెండూ సరిపోవు. ఇయి పనిసేస్తన్నాయేటి? లేదు. పనిసెయ్యవేటి? అదీ కాదు. ఇయి బాగవుతన్నాయి. ఆ గడొకటి ఎట్టించండమ్మా" అన్నారు.

నేను తలూపాను. ఆయన వదల్లేదు.

"పిల్లల్నీ మీరలాగే రాస్తారు. ఉజ్జోగం వచ్చినాది, రాలేదు. మద్దెలో ఉన్నోడు ఎక్కడికెల్తాడు? గౌరిని ఏ గడిలో రాస్తారు?"

గౌరి అవతల ఇంజను విప్పుతోంది. మమ్మల్ని పట్టించుకోలేదు.

ఇది చదివి, మేస్టారు పాతకాలపు మనిషని, కొత్తదంటే గిట్టదని ఎవరైనా అనుకుంటే నా రాత తప్పు. కొత్తదంటే ఆయనకి చంటిపిల్లల ఆత్రం. ఊళ్ళోకి బ్యాటరీ ఆటోలు వస్తున్న రోజులు. చెడిపోయిన బ్యాటరీ ఆటోని ఎవరిదో బతిమాలి షెడ్డులోకి తోయించుకొచ్చారు. గౌరి ఫోన్లో వీడియో పెడితే, తీగతో కట్టుకున్న కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని చూసేవారు. "ఈడికి మాటలెక్కువమ్మీ. సేతికాడికి తోలు" అని ముందుకి జరిపించేవారు. పాఠం చెప్పాల్సిన మనిషి తెలీదని ఒప్పుకోవడానికి ఏమాత్రం సిగ్గుపడేవారు కాదు. "ఇది నాకూ రాదురా. ముందర ఎవులికొస్తే ఆలు నాకు సెప్పాల" అనేవారు. వాళ్ళు చెబుతుంటే శ్రద్ధగా వినేవారు, చేతులు వెనక్కి పెట్టుకునే.

"కంప్యూటర్లు రానీండమ్మా, నానొద్దన్నానేటి? ఈ గోడకెట్టండి, ఆ గోడకెట్టండి. ఈ బల్ల మాత్రం తియ్యొద్దు. ఇంటి వస్తువైతేనే పిల్లలు దాన్ని వదల్రు. కంపెనీ పంపిన బొమ్మింజను బాగయితే ఎవులికి, అవ్వకపోతే ఎవులికి?"

నివేదిక వెనక్కి తెప్పించుకుని మళ్ళీ రాయడానికి నాకు తొమ్మిది రోజులూ పట్టలేదు. గౌరి ఇంజనుకి సరిగ్గా తొమ్మిది రోజులూ పట్టింది.

నిషేధం తీరిన తెల్లారి నేనూ ఒడ్డుకి వెళ్ళాను. పొద్దు పొడిచి జామైంది. మిగతా తెప్పలు అప్పటికే లోపలికి పోయాయి. గౌరి తాడు లాగింది. ఇంజను దగ్గి ఊరుకుంది. రెండోసారీ అంతే. వాళ్ళ నాన్న ముందుకి రాబోతే మేస్టారు "ఉండు బాబూ" అన్నారు. నేను మేస్టారి వెనకాల నిలబడి ఉన్నాను కాబట్టి అందరూ చూడనిది నేను చూశాను. వెనక్కి కట్టుకున్న ఆ చేతుల్లో వేళ్ళు ఊరికే కదులుతున్నాయి. ఏదో తిప్పుతున్నాయి, ఏదో బిగిస్తున్నాయి. మణికట్టు పట్టుకున్న చెయ్యి తెల్లగా పాలిపోయింది. ఆ చేతుల్ని అక్కడ ఉంచడానికి ఆయన ఎంత కష్టపడేవారో నాకు అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది.

గౌరి ఏదో స్క్రూ పావు తిప్పు తిప్పి మూడోసారి లాగింది. ఇంజను అందుకుంది. వాళ్ళమ్మ పెట్టిన కేక సముద్రం మీద ఎంత దూరం వెళ్ళిందో!

"అయిపోయినట్టేనా మేస్టారూ?" అన్నాను.

"ఎల్లినాది. తిరిగి రావాల" అన్నారు. తెప్ప తిరిగొచ్చేదాకా ఆ ఎండలో ఇసక మీదే కూర్చున్నారు. వచ్చాక అట్టముక్క విప్పి గౌరి చేతిలో పెట్టారు. గౌరి వాళ్ళమ్మ ఆయన సంచీలో చేపలు కుక్కింది. నాక్కూడా రెండు పెట్టి, "నువ్వూ తిను మేడమ్, ఏటి సేస్తాం" అంది. నా మీద ఆవిడ కోపం అంతటితో తీరింది.

ఆ తర్వాతి కథ అంతా మీటింగులు. "పాడైపోయిన సామాను తెమ్మంటే ఐటీఐలు తుక్కు కొట్లైపోవా?" అని ఒకరు. "మూడో గడి పెడితే అందరూ అందులోనే రాసి ఊరుకుంటారు" అని ఇంకొకరు. అది నిజమే, దానికీ ఒక గడువు పెట్టాల్సొచ్చింది. నాకు కోపం వస్తే మా ఊరు నెల్లిమర్ల యాస వచ్చేస్తుంది. మా నాన్న అక్కడి జూటు మిల్లు మనిషి, ఆయన గొంతు నాది. ఒక మీటింగులో "ఏటండీ, మీ ఇంట్లో మిక్సీ పాడైతే దాన్ని తుక్కంటారా, మీ ఆవిణ్ణి అడిగే అంటారా?" అనేశాను. అందరూ నవ్వారు. నవ్వాక కాస్త విన్నారు. షెడ్డు నిలబడింది. ఆ వాక్యం మాత్రం పుస్తకంలోకి ఎక్కడానికి ఏళ్ళు పట్టింది.

ఈలోగా మేస్టారు రిటైరయ్యారు. రిటైరైనా రోజూ షెడ్డుకి వచ్చేవారు. నేను ఎప్పుడు వెళ్ళినా అదే ప్రశ్న. "ఈసారేటి తెచ్చేరమ్మా?" ఎప్పుడూ ఒట్టి చేతులే. మా ఇంట్లో పిండి రుబ్బే గ్రైండరు రెండేళ్ళుగా అటక మీద పడి ఉందని, కొత్తది కొనేశామని ఒకసారి నోరు జారాను. ఆయన ముఖం ఎంత విచారంగా పెట్టారంటే, ఇంట్లో మనిషిని అటకెక్కించామని చెప్పినట్టే అయ్యింది. "పాపం, పట్టుకు రండమ్మా" అన్నారు. తెస్తానన్నాను. తరవాతిసారి తెస్తానన్నాను. మనిషి ఎక్కడికి పోతారు, గ్రైండరు ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

మొన్న ఆగస్టులో కొత్త బ్యాచి చేరే రోజున అటక మీంచి గ్రైండరు దింపాను. ఆ రాయి బరువుకి నడుం పట్టేసింది. ఆటో అబ్బాయి దాన్ని ఎక్కిస్తూ, "ఇదేటి మేడమ్, ఆపీసులో పిండి రుబ్బుతారేటి?" అన్నాడు. దారంతా అది నా కాళ్ళ మధ్య దొర్లకుండా పట్టుకుని కూర్చున్నాను.

షెడ్డు మారింది. ఒక గోడకి కంప్యూటరు తెరలు, మూల బ్యాటరీలు చార్జింగు పెట్టే చోటు. రెండో గోడకి ఆ బల్లలే. గుమ్మం దగ్గర పిల్లలు వరసలో నిలబడ్డారు. ఒకడి చంకలో టేబుల్ ఫ్యాను, ఒక అమ్మాయి చేతిలో ఆగిపోయిన కాటా, ఇద్దరు కలిసి మోసుకొచ్చిన నీళ్ళ మోటారు. అందరూ కాస్త సిగ్గుపడుతున్నారు, ఇంట్లో పాడైపోయినదాన్ని నలుగురిలోకి తెచ్చినందుకు. నేనూ వాళ్ళ వెనకాల నిలబడ్డాను. ముందున్న అబ్బాయి నన్ను చూసి, "మేడమ్, మీరూ చేరతన్నారా?" అన్నాడు. అవునన్నాను.

బల్ల దగ్గర రాసుకుంటున్నది గౌరి. ఆ షెడ్డులో ఇప్పుడు పాఠం చెప్పేది తనే. ఖాకీ చొక్కా, జేబులో స్క్రూడ్రైవరు. నా గ్రైండరుకి అట్టముక్క కట్టి నా పేరు రాసింది. ట్యాబ్‌లో ఫొటో తీసి, మూడు గళ్ళలో మధ్యది నొక్కింది. బాగవుతున్నది.

"ఎన్నాళ్ళకి బాగవుతుంది గౌరీ?" అని అడిగాను, దుకాణంలో ఇచ్చేసి వెళ్ళిపోయేదానిలా.

గౌరి జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి బల్ల మీద నా ముందు పెట్టింది. రెండు చేతులూ వెనక్కి తీసుకెళ్ళి, కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుంది.

"అది నాకేటి తెలుస్తాది మేడమ్? ఇప్పండి, సూద్దాం" అంది.

వెనకాల వరస పెరుగుతోంది. నేను చీర కొంగు నడుముకి దోపుకుని మొదటి స్క్రూ విప్పడం మొదలుపెట్టాను.